రెండు వాలుల గౌను

ముందు ఏం చూశావో చెప్పు. గౌను అనకు, గౌనని నాకూ తెలుసు, కళ్లజోడు లేకపోయినా తెలుసు. తిరగెయ్యి దాన్ని. లోపలివైపు. అంచు పట్టుకుని కిటికీ దగ్గరికి రా. ఇక్కడ కుట్లు ఎటు వాలి ఉన్నాయి? కుడికి. కాస్త ముందుకి పోనీ వేలు... ఆఁ, చూశావా! ఎడమకి తిరిగిపోయాయి. ఒకటే గౌను, ఒకటే దారం, చేతులు రెండు. ఒకటి కత్తెరమ్మది. ఎప్పుడో పోయింది మహాతల్లి, మీ అమ్మ బడికి వెళ్లే రోజుల్లోనే. ఆడాళ్లు మెడలో గొలుసు వేసుకుంటే ఆవిడ టేపు వేసుకునేది. పెళ్లికి కూడా అలాగే వెళ్లిందోసారి, పెళ్లికూతురి జాకెట్టు భుజం జారుతోందని పీటల మీదే సూది తీసింది. నేను ఆవిడ కొట్లో కాజాలు కుట్టేదాన్ని. కొట్టంటే పెద్దగా ఊహించుకోకు. రెండు మిషన్లు, ఒక బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, మూల కూర్చుని బొత్తాలు ఏరుకునే ఆవిడ మొగుడు. బొత్తాలాయన అనేవాళ్లం. రోజుకో మాట మాట్లాడేవాడు, అదీ పెళ్లాం ఊపిరి పీల్చుకునే సందులో.

వాళ్లకి పిల్లల్లేరు. అనాథల హోం నుంచి పది నెలల పిల్లని తెచ్చుకున్నారు. ఆ పిల్ల బల్లకింద గుడ్డపీలికల గుట్టలో పాకింది, నడిచింది, పళ్లొచ్చాక నా కాజాలదారం కొరికింది. హోం పెద్దమ్మ అప్పుడే చెప్పిందట, ఫైలు మూసేశాం, కన్నది ఎవరో మీకు తెలియదు, మీరెవరో ఆవిడకి తెలియదు, పిల్లకి అసలేమీ తెలియక్కర్లేదు అని. కత్తెరమ్మకి అంతకంటే ఏం కావాలి! కొట్టు పక్కవీధికి మార్చేసింది. నేనేదో అనబోతే, "ఏమే, తానులోంచి కోసిన ముక్క తానుని వెతుక్కుంటూ వెళ్తుందా? నోరుమూసుకుని కాజాలు చూడు" అంది. మరి అంత జాగ్రత్త మనిషి ఏం చేసిందనుకున్నావ్? పిల్ల ఒంటిమీద వచ్చిన గౌను కాల్చలేదు, పారెయ్యలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, కొట్టు ముందు నమూనాగా తగిలించింది! ఎందుకే అంటే, "కుట్టు చూడవే, ఎంత ముద్దొస్తోందో. పనితనాన్ని పెట్టెలో పెడితే పాపం" అంది. దొంగతనం చేసి దొంగసొత్తుకి దండ వేసినట్టు. ఇంకెవరైనా చేస్తారా ఆ పని? కుట్టేవాళ్లు తప్ప చెయ్యరు.

మూడేళ్లు వేలాడింది అక్కడ. ఒక పొద్దున్న ఎండ ఇంకా గుమ్మం దాటలేదు, ఒకావిడ వచ్చి నిలబడింది. సన్నగా, చెప్పులు చేత్తో పట్టుకుని. "ఇది ఎవరు కుట్టారండీ?" అంది. మా కత్తెరమ్మకి పొగడ్త వినిపిస్తే చాలు, నిజం వినిపించదు. "ఇంకెవరు? నేనే" అంది. "అయితే ఈ అంచు ఒకసారి కుట్టి చూపిస్తారా?" అంది ఆవిడ. కత్తెరమ్మ కుట్టింది. కుడికి వాలింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ కుడికే. నేను నవ్వు ఆపుకోలేక దారం మింగినంత పనైంది. వచ్చినావిడ సూది తీసుకుంది, ఎడంచేత్తో. నాలుగు కుట్లు వేసింది, అన్నీ ఎడమకి వాలాయి. గౌనుమీది కుట్లూ అవీ కవలపిల్లల్లా ఉన్నాయి. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు బల్లకింద పిల్ల కిందపడ్డ గుండుసూదులు ఏరుతోంది. ఏ చేత్తో? ఆఁ, అదీ. కుడిచెయ్యి వాడవే, కుడిచెయ్యి వాడవే అని కత్తెరమ్మ రెండేళ్లుగా ఆ పిల్ల ప్రాణం తోడేస్తోంది మరి.

కత్తెరమ్మ పిల్లని చంకనెత్తుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది. వచ్చినావిడ గుమ్మంలోనే కూర్చుంది. "తీసుకెళ్లడానికి రాలేదండీ. అప్పుడు నాకే దిక్కులేక ఇచ్చాను. బతికుందని తెలిసింది, చాలు. అప్పుడప్పుడూ చూసి పోతా" అంది తలుపుతో. లోపల్నుంచి, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఫో!" అని కేక. అప్పుడు నోరు విప్పాడు బొత్తాలాయన. "ఒరలో ఇమడవు. కత్తెరకి మాత్రం రెండు కావాలి" అన్నాడు. అంతే, మళ్లీ బొత్తాల్లోకి వెళ్లిపోయాడు. కొట్టు ముందు చేరిన వీధంతా రెండు పార్టీలు. పిల్ల చెడిపోతుందనేవాళ్లూ, చూడనిస్తే ఏం పోయిందనేవాళ్లూ. నేను ఊరుకుంటానా? కుట్టుపనివాళ్ల సమ్మెల్లో అరిచి గొంతు బొంగురుపోయినదాన్ని. తలుపు బాదాను. "నేనూ ఆ హోంలోనే పెరిగాను, నా ఫైలు కూడా మూసేశారు. డాక్టరు మీ అమ్మకి షుగరుందా అని అడిగితే పైకి చూసినదాన్ని. నా తల్లిది ఏ చేతివాటమో నాకు తెలియదు. ఈ పిల్ల తల్లి నీ గుమ్మంలో కూర్చుంటే తలుపేస్తావా నువ్వు?" అన్నాను.  తర్వాత గడియ తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం తగ్గలేదు. "నెలకోసారి. పిన్ని అని పిలుస్తుంది. ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఆ కాజా వంకరపోయింది, విప్పు" అంది నాతో.

అలా నెలకోసారి ఎడంచేతి పిన్ని వచ్చేది. ఆ పూట కత్తెరమ్మ మిషను తొక్కుడు వినాలి నువ్వు, రైలు పోతున్నట్టుండేది. పిల్ల పుట్టిన ఏడో ఏట పిన్ని రెండు నెలలు రాలేదు. పిల్ల గుమ్మంలో కూర్చుని అన్నం వద్దంటుంది. ఊఁ, అదీ ఉంది, తలుపు తెరిస్తే గాలే కాదు దుమ్మూ వస్తుంది. నేనేమీ తీపి కబుర్లు చెప్పడం లేదు నీకు. పీడ విరగడైందని కత్తెరమ్మ సంతోషించాలా? ఇస్త్రీ సగంలో వదిలేసి, "పిల్లకి అలవాటు చేసి ఎగ్గొడుతుందా? దాని సంగతి చూస్తా" అని బయల్దేరింది. నాలుగు వీధులు తిరిగి పట్టుకుంది. పాపం, పిన్ని మెట్ల మీంచి పడి కాలికి కట్టుతో ఉంది. తిట్టుకుంటూనే బండిలో వేసుకొచ్చి, మా కొట్లోనే మంచం వేయించింది. "కాలు విరిగితే చేతికేం రోగం? అంచులు కుట్టు" అంది. ఇక వెళ్లనివ్వలేదు.

ఆ వారమే పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని తనే చెప్పేసింది, కన్నది ఈవిడే, పెంచుతున్నది నేను అని. చెబుతూ చెబుతూ టేపు చివర నలిపి నలిపి ఊడగొట్టింది. పిల్ల ఇద్దర్నీ చూసి, "అయితే పుట్టినరోజుకి రెండు గౌన్లా?" అంది. బొత్తాలాయన పగలబడి నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. ఎవరి గౌను ముందు వేసుకోవాలని మళ్లీ యుద్ధం. చివరికి ఒకటే కుట్టారు, చెరో వైపు నుంచీ మొదలుపెట్టి. నీ చేతిలో ఉన్నది అదే. కాజాలు నావి, వాటికీ పేరు పెట్టు. ఆ పిల్లకి ఇప్పుడు అరవై దాటాయి, నిన్న పంపింది, నీ పాపకిమ్మని. పెద్దదే, కానీ లోపల మడతలున్నాయి, ఏడో ఏడు నుంచి పదో ఏడు దాకా వస్తుంది.

సరే గానీ, నీ పాపని తెచ్చుకున్న దత్తత కాగితంలో కన్నతల్లిని కలవనిస్తారా అన్నచోట ఖాళీ వదిలేశావట, మీ అమ్మ చెప్పింది. భయమే కదూ? కత్తెరమ్మకీ భయమే. ఇందాక నీ పాప నా కళ్లజోడు లాక్కుంది, ఏ చేత్తో లాక్కుందో చూశావా? రేపు అది పెద్దయి, ఈ చెయ్యి నాకు ఎవరిచ్చారమ్మా అని అడిగితే, ఏం చెబుతావ్?