తొడకు చుట్టిన లేజర్ పట్టీ

పోటీ రోజు. మైదానం పక్క గదిలో చెల్లెలు తొడకు లేజర్ పట్టీ చుట్టుకుంటోంది. ఆమెకు పరుగు నేర్పే అక్క గుమ్మంలో నిలబడింది.

“తొడ మీద ఎర్ర లైటు వేస్తే కాళ్ళకి రెక్కలొస్తాయా?”

“పరిగెత్తే ముందు పెట్టుకుంటే కండ త్వరగా అలిసిపోదట అక్కా. నొప్పులూ తొందరగా తగ్గుతాయట.”

“అట! అరచేతిలో వైకుంఠం చూపించి నీకు అంటగట్టారు. మేం చెమటోడ్చి గెలిచాం, లైట్లేసుకుని కాదు.”

“సరే, ఒకటి చెప్పు. రాత్రి దీన్ని నా తొడ కొలతకి పెట్టి వదిలాను. పొద్దున చూస్తే మోకాలి కొలతకి బిగించి ఉంది.”

“అయితే?”

“ఇంట్లో మోకాలి నొప్పి నీ ఒక్కదానికే కదా!”

“పిచ్చి లైటు! ఏం ఉద్ధరిస్తుందో చూద్దామని పెట్టుకున్నాను.”

“మరి నొప్పి తగ్గిందా?”

“పిలుస్తున్నారు, పద. తగ్గితే మాత్రం నీతో చెబుతానా?”