టబ్బులో చెయ్యి

ఏంట్రా, మళ్లీ టేపు తెచ్చావా? నిన్న కొలిచావు, మొన్న కొలిచావు, అదేమన్నా పెరుగుతోందనుకుంటున్నావా? ఇలా కూర్చో. కాదు, అటు జరుగు, నాకు బాత్‌రూమ్ తలుపు కనబడాలి. ఎందుకేంటి, ఊరికే. సరే నువ్వు కూర్చో, నేనే లేస్తా, ఇవాళ ఈ కుర్చీ ఎటు తిరిగినా గుచ్చుకుంటోంది. పాత టబ్బు పీకేసి కొత్తది పెట్టించాలా, దీన్నే గీకించి పూత వేయించాలా, అదేగా నీ గొడవ? మీ ఆవిడ కొత్తదంటోంది. మీ అమ్మ పూతంటోంది, మీ ఆవిడ కొత్తదంది కాబట్టి. నువ్వు ఇద్దరికీ తలూపి, టేపు పట్టుకుని నా దగ్గరికొచ్చావు. మన ఇంట్లో మగాళ్లందరిదీ అదే ధైర్యంలే. పాప మోకాలు ఆ తుప్పుకి గీసుకుంది, ఏదో ఒకటి తేల్చాలి అంటావు. నిజమే, కాదన్లేదు.

అప్పుడూ ఇదే గొడవ. మీ నాయనమ్మని నువ్వు చూళ్లేదు, నువ్వు పుట్టకముందే పోయింది. ఆవిడకో జబ్బుండేదిరా, ఎవరేం చెప్పినా నమ్మదు, ముట్టుకుని చూడాల్సిందే. పాలు కాగాయంటే గిన్నె ముట్టుకునేది. ఇస్త్రీపెట్టె వేడెక్కిందంటే వేలు పెట్టి, చురుక్కుమన్నాక, "ఆ, ఎక్కింది" అనేది. బట్టల కొట్టుకెళ్తే ప్రతి తానూ తడిమి, ఏదీ కొనకుండా వచ్చేది. ఆ కొట్టాయన మేము వీధి మలుపు తిరగ్గానే షట్టరు సగం దించేసేవాడు. పెళ్లిచూపుల్లో నన్ను... సర్లే, అది నీకెందుకు. ఎక్కడున్నా? ఆ, టబ్బు. అప్పటికే దాని తెలుపు పోయి పసుపు తేలింది. కింద చెప్పులు కుట్టే ఆయన పైకొచ్చి చూసి, "తీసి పారేసి కొత్తది పెట్టించండి" అన్నాడు. జీవితమంతా అతుకులేసి బతికినవాడు, చూడు. నేను పూతే అన్నా. మీ నాయనమ్మ వంగి టబ్బంతా చేత్తో నిమిరి, "ఇనుము గట్టిగానే ఉంది" అంది. సరే, పూతాయన వచ్చాడు. సన్నగా ఉండేవాడు, గీకిన పొడి పడి మీసం తెల్లబడిపోయేది, మామూలప్పుడు చూస్తే ఎవరో గుర్తుపట్టలేం. ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాడు, అద్దమనుకో. వెళ్తూ వెళ్తూ "రేపు నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాసి తలుపుకి అంటించాడు. మీ నాయనమ్మకి అలా రాసిపెట్టడమంటే బొట్టుపెట్టి పిలవడమే. మేమంతా ఆ రోజు ఎదురింటి టీచరమ్మ గారింట్లో స్నానాలు చేశాం. ఆవిడ సబ్బుపెట్టె పట్టుకుని తలుపు బయటే నించుంది, మేం నురగ ఎక్కువ చేస్తామని.

మర్నాడు పూతాయన లోపలికెళ్లాడు. వెళ్లి, "అయ్యో, ఎవరండీ ఇదీ!" అని ఒక్క కేక. అందరం పరిగెత్తాం. వీపు ఆనించే చోట, సరిగ్గా మధ్యలో, నాలుగు వేళ్లు దిగబడి ఉన్నాయి. చిటికెన వేలు వంకర. మీ నాయనమ్మకి చిన్నప్పుడెప్పుడో తలుపు సందులో నలిగి ఆ వేలు పక్కకి తిరిగిపోయింది, అది వీధందరికీ తెలుసు. అయితే ఆవిడ పొద్దున్నే చేతికి కట్టుతో లేచింది. "కూరలు తరుగుతుంటే తెగింది" అంది. మణికట్టు నుంచి గోళ్లదాకా కట్టురా, ఏ కూరకి అంత దెబ్బ! టీచరమ్మ, "పిల్లి అయ్యుంటుందండీ" అంది. చెప్పులాయన, "పిల్లికి చిటికెన వేలెక్కడిదండీ" అన్నాడు. పూతాయన ఎవరినీ తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. గోడకానుకుని, "చెప్పి మరీ వెళ్లానుగదండీ" అంటాడు, కళ్లల్లో నీళ్లొకటే తక్కువ. మీ నాయనమ్మ నావైపు చూసింది. నోరు తెరిచి నన్నేదీ అడిగిన మనిషి కాదు. నేను ముందుకెళ్లి, "నేనేనండీ" అన్నా. చెయ్యి తీసుకెళ్లి ఆ అచ్చు పక్కన పెట్టా కూడా. ఇదిగో, ఈ చెయ్యి, తెడ్డులా ఉంది చూడు. పూతాయన నా చెయ్యి చూశాడు, అచ్చు చూశాడు, ఆవిడ కట్టు చూశాడు. చూసి, "ఆ, సరిపోయిందండీ" అన్నాడు. పెద్దమనిషి. "గీకి మళ్లీ వేసిస్తాను" అంటే మీ నాయనమ్మ, "వద్దులెండి, మావారి గుర్తుగా ఉండనివ్వండి" అంది! నవ్వు కూడా లేదు మొహంలో. సాయంత్రానికి కట్టు లేదు, గాయమూ లేదు. "ఏదే దెబ్బ?" అంటే, "మానింది" అంది. ఇక పోయేదాకా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ టబ్బు చూపించి, "మావారికి ఆగదండీ, ఏది చూసినా ముట్టుకోవాలి" అని చెప్పేది. వీధిలో నా పేరే వేళ్లాయనైపోయింది.

పొద్దున నువ్వు బయటికెళ్లినప్పుడు వెళ్లి చూశా. మూడు వేళ్లు తుప్పు తినేసింది. చిటికెన వేలొక్కటే ఉంది, అలాగే వంకరగా. పీకిస్తే మెట్లమీద నుంచి దింపి పాత ఇనుము బండెక్కిస్తారు. గీకిస్తే నా కళ్లముందే పొడైపోతుంది. ఏంటి? ఫోటో తీస్తావా? తియ్యి, తియ్యి, నీ ఫోన్లో నీ పెళ్లి ఫోటోలే ఇంతవరకూ దొరకలేదు. వదిలేద్దామా అంటావా? పాప మోకాలి సంగతేంటి మరి? ఉండు, కాస్త ఇటు నడవనీ... పూతే వేయించరా. మీ అమ్మ గెలిచిందని మాత్రం చెప్పకు, నేనన్నానని చెప్పు. ఆ వేసే కుర్రాడు ఆరడానికి ఎంతసేపు పడుతుందన్నాడు? ఒక రోజంతా? ముట్టుకోవద్దని కాగితం అంటిస్తాడా? పెద్ద అక్షరాలతో అంటించమను, నాకు చూపు ఆనదు. నవ్వుతావేంరా? ఇన్నేళ్లుగా నేరం నామీద వేసుకుని తిరుగుతున్నా, చేసింది మాత్రం ఇంకా లేదు. రోజంతా ఎవరుంటారు ఇంట్లో, నువ్వు ఆఫీసుకి, మీ ఆవిడ... అరే, ముందా టేపు లాక్కో, పాప నోట్లో పెట్టుకుంటోంది.