సోమేశ్వర్‌కు చార్టు అక్కర్లేదు

పటాన్‌చెరు సడక్ మీది కిష్టప్ప హోటల్లో చాయ్ చల్లారినా సోమేశ్వర్ నోరు చల్లారదు. వైర్‌లెస్ సెట్లు చేసే ఫ్యాక్టరీలో సీనియర్ కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. ఆ సాయంత్రం అతని ఎదుట కూచున్న సుందర్‌రాజుకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

తెల్లారితే బొంబాయి నుంచి పెద్దసార్లు వచ్చి సుందర్‌రాజు చేసిన సెట్టు చూస్తారు. కేబులుకూ ఏరియలుకూ పొత్తు కుదరకపోతే పంపిన పవర్ వెనక్కి తన్ని సెట్టు కాలుతుంది, అతని పర్మనెంటు ఉద్యోగం ఆశా దాంతోనే కాలుతుంది. పొత్తు కుదిర్చే లెక్క తేల్చాలంటే స్మిత్ చార్టు కావాలి. వలయాల మీద వలయాలుండే తన కాగితాన్ని దసరాకు సోమేశ్వర్ పట్టుకుపోయాడు, ఇంకా తిరిగివ్వలేదు. ఇప్పుడేమో చార్టులెందుకని కోతలు కోస్తున్నాడు!

"నేను కండ్లు మూసుకొని కేబుల్ లెక్క తీసిన. కుదిరింది."

సరే, అంతవరకు నమ్మొచ్చు. "అన్నా, నా..." అన్నాడు సుందర్‌రాజు.

"ఆగు తమ్మీ. సంగారెడ్డి బస్సుల నిలవడి, ఒక చేత్తోని కడ్డి వట్టుకొని, ఇంకో చేత్తోని టికెట్టు తీస్కుంట, భానూర్ కాడి సెట్టు లెక్క నోటితోనే తీసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

కిష్టప్ప చాయ్ వడగట్టడం ఆపి ఏమైందని అడిగాడు. అగ్గికి ఆజ్యం పోయడానికి ఈయనొకడు, అని విసుక్కున్నాడు సుందర్‌రాజు.

"వెనక్కి రాబోయిన పవర్ అల నన్ను సూసి సిగ్గువడి మళ్ల ముంగటికే వోయింది. ఊర్ల రేడియోలు బ్యాటరీ లేకుంటనే పాడినయ్. సముద్రంల ఓడలోళ్లు తార్ కొట్టిండ్రు, జెర తగ్గించుండ్రి, చెవులు పోతున్నయని."

ఓడలెన్ని అని పక్క బల్ల మీది లారీ డ్రైవర్ పెద్దరాములు అడిగితే, అది సర్కారు రహస్యమన్నాడు.

"ఇగ విలాయత్ ప్రొఫెసర్ విమానమెక్కి వచ్చిండు. నా లెక్క సూసి, దునియల ఉన్న చార్టులన్ని తెప్పించి, నా ముంగటనే చింపి పొయ్యిల వెట్టిండు."

సుందర్‌రాజు ఓపిక అక్కడితో అయిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్ని చింపిండా అన్నా? నాది మీ ఇంట్ల మిగిలిందా మరి? అది లేకుంటే రేపు నా నౌకరి పోతది. నీకైతే దానితోని పనే లేదు గద."

హోటల్లో అందరూ సోమేశ్వర్ వైపు చూశారు. అతను ఖాళీ గ్లాసునే ఒకసారి జుర్రి, గొంతు బాగా తగ్గించాడు.

"రేపు సాయంత్రం తెస్త తమ్మీ. దాని మీద ఒక్క లెక్క మిగిలింది."

"గా ఒక్కటి బస్సుల నిలవడి తీద్దువు గాని," అని సుందర్‌రాజు అతని చెయ్యి పట్టుకుని లేపాడు. "ముందు ఇంటికి నడువు."