గోడలో కన్నం

ఏసీనా? వద్దు రిహానా, నాకు ఫ్యాను చాల్లే. మా అబ్బాయి మార్కు మోజుపడి పెట్టించాడుగానీ, ఆ రిమోటు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. కూర్చో. మీ నానమ్మయితే ఈపాటికి "ఏం కూరే ప్రేమా?" అని గోడలోంచే కేకేసేది. నవ్వుతావేం? ఈ అపార్టుమెంటు లేచిన చోటే మావి రెండు పెంకుటిళ్ళు, మధ్యన ఒకటే గోడ. ఆ గోడకి పైన జానెడు కన్నం, అందులో బల్బు. రెండిళ్ళకీ అదే వెలుగు. స్విచ్చి మా వైపు. "ఆర్పనా నసీమక్కా?" అంటే, "ఆగవే, సూదిలో దారం ఎక్కించనీ!" అనేది మీ నానమ్మ. అబ్బో, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. నేను పలక్కపోతే గరిటె పెట్టి గోడ మీద కొట్టేది. మిరపకాయల తొడిమలు తీసొచ్చి కొంగు దులిపిందంటే ఇవతల నాకు తుమ్ములే తుమ్ములు. తిట్టేదాన్ని. "నీ ఎండుచేపల కంపు నేను భరించట్లా?" అని ఎదురు తిట్టేది. రంజానుకి సేమియా, క్రిస్మస్‌కి అరిసెలు, అన్నీ స్టూలెక్కి ఆ కన్నంలోంచే.

తర్వాత ఎవరి కరెంటు మీటరు వాళ్ళకొచ్చింది. కన్నం మాత్రం ఉంచుకున్నాం, మాటలకి. అప్పుడే మార్కు మొదటి ఏసీ కొన్నాడు, నువ్వింకా పుట్టలా. బిగించడానికొచ్చినతను "ఆ కన్నముంటే చల్లదనం నిలవదమ్మా" అన్నాడు. మార్కు నా మొహం చూశాడు. నేనే సిమెంటు కలిపి, నా చేత్తోనే పూడ్చాను తల్లీ. అవతల నుంచి "ఏందే ప్రేమా, నేనేమన్నా అన్నానా?" అంది. "అబ్బే, ఏసీ అక్కా" అన్నా.

పదిరోజులు తిరగలా. మే నెల, మిట్టమధ్యాహ్నం. మీ నాన్న పత్తి బేరానికి చిలకలూరిపేట వెళ్ళాడు. నేను ఏసీ వేసుకుని పడుకున్నా. టక్, టక్ మని చప్పుడు. వినపడింది రిహానా, చక్కగా వినపడింది. కొత్త మిషను కదా, అదే అట్లా మోగుతోందనుకుని దుప్పటి ముసుగేసుకున్నా. సాయంత్రం మీ నాన్న కేకకి పరిగెత్తా. మీ నానమ్మ గోడవారన పడుంది, చేతి పక్కన గరిటె. గుండె ఆగి ఒక్క క్షణంలో పోయిందన్నాడు డాక్టరు. నీకూ అదే చెప్పుంటారు. ఆ గరిటె అక్కడెందుకుందో మీ నాన్నకి తట్టలా. నాకు తట్టింది. మెల్లగా తీసి వంటింట్లో పెట్టేశా. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలా, ప్రార్థనలో కూడా నోరు రాలేదు.

అట్లా చూడకే. చెమటలు కారుతున్నాయి నీకు. రిమోటు టీవీ వెనకుంటుంది, వేసుకో. నేను గుమ్మంలో కూర్చుంటాలే.