కడిగి పంపిన ఆకులు

ల్యాబులో క్రిములు పెంచే గాజు పళ్లేలు ముందేసుకుని మేనకోడలు ఫోన్ చేసింది. అవతల, జనం పుండ్లకు ఆకుపసరు కట్టే మేనత్త.

"అత్తా, నిజం చెప్పు. మొదట పంపిన ఆకులకు ఒక్క క్రిమి కూడా చావలేదు. ఈసారి పంపినవాటికి పళ్లెంలోవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఏం చేశావు?"

"ఏం చేస్తానే, శుభ్రంగా కడిగాను."

"దేంతో?"

"నేల తుడిచే మందుతో. మురికి ఆకులు పంపితే మీ సారు ముందు నా పరువేం కాను?"

"నా కొంప ముంచావు కదత్తా. ఆకు పనిచేసిందని ఆయన అందరికీ చాటేశాడు."

"క్రిములు చావాలనేగా నీ ఏడుపు? చచ్చాయిగా."

"చంపింది ఆకు కాదత్తా, ఆ మందు."



"సరేలే. ఇకనుంచి పుండ్లకు కట్టేవి కూడా అలాగే కడుగుతాను."