ఎర్రచుక్క

కెనడాలోని విన్నిపెగ్‌లో గడ్డకట్టే జనవరి నెల. దుకాణంలోకి రాగానే డోరీన్ కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకుని, ఆరు రోజుల కిందట అక్కడే కొన్న ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

“మోగడం మానేసింది నాయనా. నాకు పెట్టాల్సిన కిడ్నీ దొరికితే ఆసుపత్రివాళ్లు దీనికే ఫోన్ చేస్తారు.”

సేల్స్‌మన్ సిమ్ పెట్టే చోట తొంగిచూశాడు. “లోపలి తెల్లచుక్క ఎర్రబడిందమ్మా. తడి తగిలినట్టే. వారంటీ రాదు.”

“దానికి నేనేమన్నా స్నానం చేయించానా?”

“కొత్తవాటిలో తెల్లగానే ఉంటుంది మరి.”

“గడ్డకట్టే లారీలోంచి ఈ వెచ్చటి కొట్లోకి వస్తే వాటికీ నా కళ్లద్దాల గతే. ఒక కొత్త పెట్టె విప్పు, చూద్దాం.”

అతను విప్పాడు. అందులోనూ ఎర్రచుక్కే. ఆ ఫోన్‌నే ఆమె వైపు జరిపాడు.

“సరేనమ్మా, మార్చి ఇస్తాను. ఇది తీసుకోండి.”

“అదొద్దు. ఎండాకాలంలో దిగిన సరుకేమన్నా ఉందేమో చూడు నాయనా.”