బయటి గడియ

హలో… ఆఁ, నేనేరా తమ్ముడూ, అక్కని. అరవకు, వినిపిస్తోంది.

తిన్నావా?… మందు వేసుకున్నావా?… మా నాన్నే.

ఇంకా తేలలేదురా. నన్నో గదిలో, అన్నయ్యనో గదిలో కూర్చోబెట్టారు. మధ్యవర్తి మేడమ్ మా మాటలు ఇటూ అటూ మోస్తోంది. పాపం, ఆవిడ కాళ్ళు పడిపోయేట్టున్నాయి…

ఛీ, కొట్టుకోవడమేమిటి, ఈ వయసులో! కోర్టుకెళ్తే ఏళ్ళూ పూళ్ళూ పడుతుందని ఇక్కడికొచ్చాం…

దేనికా? నాన్న పోతూ పోతూ ఆ ఇల్లు ట్రస్టుగా రాశారు కదా, బతికినన్నాళ్ళూ నువ్వు అందులోనే ఉండాలని. చూసుకొమ్మని అన్నయ్యకీ నాకూ అప్పజెప్పారు కదా. దాని గురించే…

చెప్పకూడదురా. ఇక్కడి మాట గుమ్మం దాటకూడదని ముందే సంతకాలు చేయించుకున్నారు… నీక్కూడా. నీ గురించే అయినా సరే. ఏం రూలో, నా బొంద!

ఆఁ… గుర్తులేకేం! మేం పోట్లాడుకుంటే నాన్న సామాన్ల గదిలో తోసి బయట గడియ వేసేవారు, రాజీ పడితేగానీ తియ్యనని. నువ్వు స్టూలెక్కి తీసేసేవాడివి. రాజీ లేదు, పాడూ లేదు… నవ్వకురా, నాకూ నవ్వొస్తోంది.

ఎవరొచ్చారు?… ఎప్పుడు?… టేపుతో కొలిచారా? ఇల్లంతానా?…

అన్నయ్య పంపాడన్నారా…

నువ్వు కొస పట్టుకున్నావా.

…లేదు, తిట్టట్లేదు. బాగానే పట్టుకునుంటావు… ఏడుపెందుకురా నాకు? జలుబు.

హాస్టలా? అన్నయ్యే చెప్పాడా నీతో? తోట ఉంటుందన్నాడా… మరి నాకొక్కదానికే నోటికి తాళం.

నా దగ్గరికా… రారా నాన్నా, అని నోటిదాకా వస్తుంది. మూడంతస్తుల మెట్లు, నీ కాలు… ఇల్లమ్మడానికి నేనొప్పుకోకపోతే కోర్టట. తేలేదాకా నీ మందులకీ, నిన్ను చూసుకునే ఆవిడకీ ట్రస్టు నుంచి ఇచ్చేది ఆపేస్తారట. నేనేం చెయ్యనురా…

ఏం లేదు. నాలో నేనే అనుకుంటున్నా.

ఉండు, వచ్చారు… కూర్చోండి మేడమ్… ఆఁ, అన్నయ్యా వచ్చాడురా, ఇదే గదిలోకి… ఫోను అన్నయ్యకివ్వాలా? సరే.

అన్నయ్యా, తమ్ముడు. ఒక్క మాట… ‘బాగున్నావా’ అనైనా అను… వాడు లైన్లోనే ఉన్నాడు, అన్నయ్యా…

తమ్ముడూ… అన్నయ్య చెయ్యి ఖాళీ లేదురా. సంతకం పెడుతున్నాడు.

…ఆఁ. నేనూ పెట్టాలి.

వద్దురా, నువ్వు రావద్దు. స్టూలూ వద్దు, ఏమీ వద్దు… ఇక్కడ గడియ ఎవరూ వెయ్యలేదు నాన్నా. తలుపు తీసే ఉంది…

ఆఁ. తీసే ఉంది. ఉంటానురా.